అరువిచ్చిన గొంతు

"పిలువమ్మా! ఇప్పుడే పిలువు! దాటిపోతున్నాడు!"

వ్యాన్ విసురుగా మలుపు తిరుగుతుంది. టైర్లు కీచుమంటాయి.

ఆమె భుజం తలుపుకి గుద్దుకుంటుంది. చేతిలోని మైకు జారబోతుంది. రెండు చేతులతో పట్టుకుంటుంది.

ఇప్పుడిప్పుడే చీకటి పడింది. వీధి దీపాలు ఇంకా అన్నీ వెలగలేదు.

అదిగో... మేడల మీద... నీడ!

ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి దూకుతుంది. మధ్యలో వీధి ఉంది. రెండు బస్సులు పక్కపక్కన పట్టేంత వీధి! ఒక్క గెంతు. అంతే.

మామూలు మనిషి గెంతగలిగే దూరం కాదు.

ఆ నీడ ఆమె తమ్ముడు.

"ఏం చూస్తున్నావు? పిలువు!"

అరుస్తున్నది పెద్దసారు. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచగా ఆమె వినలేదు. ఇవాళే మొదటిసారి.

ఆమె మైకు నోటికి ఆనించుకుంటుంది.

"ఒరేయ్ బుడ్డోడా... ఆగరా!"

వ్యాన్ పైన స్పీకరు మోగుతుంది. వీధి వీధంతా ఆమె గొంతే.

నీడ ఆగిపోతుంది.

పరుగు మధ్యలో! ఒక కాలు గాల్లో ఉండగా! పిట్టగోడ అంచున అటూ ఇటూ తూలుతుంది.

ఢాం! ఢాం!

ముందు వెళ్తున్న జీపులోంచి రెండు గుళ్ళు. పిట్టగోడ పెచ్చులు రాలతాయి. నీడ వెనక్కి పడిపోతుంది. అవతల ఎక్కడో రేకుల చప్పుడు... తర్వాత పరుగు... తర్వాత ఏమీ వినబడదు.

"కాల్చం అన్నారు!" ఆమె పెద్దసారు చెయ్యి పట్టుకుని ఊపేస్తుంది. "ప్రాణాలతో పట్టుకుంటాం అన్నారు! అందుకే కదండీ నేనొచ్చింది!"

"కాళ్ళకి గురిపెట్టారమ్మా." ఆయన మళ్ళీ మెత్తగా మాట్లాడుతున్నాడు, బడిపంతులు లెక్క తప్పు చేసిన పిల్లకి చెప్పినట్టు. "వాడి కాళ్ళకి తగిలితే ఏమవుతుంది? నీకు తెలీదా?"

తెలుసు. ఆ కాళ్ళ ఎముకల్లో లోహం ఉంది. కండల్లో ల్యాబ్‌లో పెంచిన కండ ఉంది. కళ్ళు చీకట్లో చూస్తాయి. ఇవన్నీ వేరే డిపార్టుమెంట్ల పని.

ఆమె పని ఒక్కటే. గొంతు.

ప్రతి సైనికుడికీ చెవి వెనక ఎముకలో బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. ఆఫీసర్ ఆర్డరిస్తే సైనికుడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ ఒక్క క్షణంలోనే ప్రాణం పోతుంది. అదే ఇంట్లోవాళ్ళ గొంతు వినిపిస్తే? ఆలోచించడు. మాట చెవిన పడేలోపు ఒళ్ళు కదులుతుంది. కనిపెట్టింది పెద్దసారు. అమర్చేది ఆమె.

అమ్మలు వచ్చేవాళ్ళు. పెళ్ళాలు వచ్చేవాళ్ళు. అద్దాల గదిలో కూర్చుని వాక్యాలు చదివేవాళ్ళు. "తల వంచు." "పక్కకి తప్పుకో." "పరుగెత్తు." అన్నీ ప్రాణం కాపాడే మాటలే. కొందరు చదువుతూ ఏడ్చేవాళ్ళు. ఒకావిడ మొగుడి మీద ఉన్న కసంతా తీర్చుకుంటూ "కూర్చో! లే! కూర్చో!" అని చదివింది. ఆ రోజు ల్యాబంతా నవ్వులే.

తమ్ముడికి తన గొంతే పెట్టింది ఆమె. నా తమ్ముణ్ణి నేనే కాపాడుకుంటాను అని ఎంత గర్వపడిందో!

ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతోంది. పిలిచింది. ఆగాడు. తుపాకులకి ఎదురుగా ఆగాడు. తన నోరు తనకే అసహ్యంగా ఉంది.

"ఎక్కడికెళ్తాడు?" పెద్దసారు అడుగుతాడు.

"తెలీదండీ."

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? వాడు ఇద్దరు గార్డుల్ని చంపి పారిపోయాడు. చిప్ పాడై మతి పోయింది. ఇంకో గంట ఇలాగే పరుగెడితే కాళ్ళు వేడెక్కి కండ ఉడికిపోతుంది. గుండె ఆగిపోతుంది. నువ్వు దాచిపెట్టి చంపుకుంటానంటే... నీ ఇష్టం."

ఆమె పెదవి కొరుక్కుంటుంది.

కాళ్ళు వేడెక్కుతాయి. నిజమే. మొన్న సెలవుకి వచ్చినప్పుడు కూడా రాత్రంతా బాత్రూంలో, నీళ్ళ తొట్టిలో కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి చిన్న తొట్టిలో ముడుచుకుని! "ఏంట్రా, గేదెలా?" అని ఏడిపించింది. వాడు నవ్వలేదు.

"నీళ్ళు..." ఆమె అంటుంది. "నీళ్ళెక్కడుంటే అక్కడికి వెళ్తాడు."

"ఈ చుట్టుపక్కల?"

అనకూడదు. అనకూడదు.

"బస్ డిపో. బస్సులు కడిగే షెడ్డు."

అనేసింది!

వ్యాన్ గిర్రున తిరుగుతుంది.

* * *

డిపో గేటు తెరిచే ఉంది. గ్యాస్ లీకయిందని చెప్పి స్టాఫ్‌ని అప్పటికే బయటికి పంపేశారు. వరసల వరసల బస్సులు. డీజిల్ వాసన. సబ్బు వాసన. దూరంగా షెడ్డులో బస్సులు కడిగే మెషీను నడుస్తోంది. నిలువెత్తు బ్రష్షులు గిరగిరా తిరుగుతున్నాయి. ఒకటే హోరు.

ఆ మెషీను కింద బస్సు లేదు. నీళ్ళు మాత్రం ధారగా పడుతున్నాయి.

వాడు అక్కడే ఉన్నాడు!

జీపులోంచి ఆరుగురు దిగుతారు. అందరూ ఇరవై దాటీ దాటని పిల్లలే. ఆమెని చూసి తల ఊపుతారు, "అక్కా" అంటారు.

వాళ్ళందరికీ ఆమె అక్కే. అనాథ శరణాలయాల నుంచి వచ్చినవాళ్ళు. గొంతు ఇవ్వడానికి వాళ్ళకి ఎవరూ లేరు. "మరి వీళ్ళకెవరి గొంతు పెట్టాలి?" అని పెద్దసారు అడిగితే, "నాది పెట్టండి" అంది. ఎవరూ లేనివాళ్ళకి నేనే అక్కని అనుకుని ఆ రాత్రి సంతోషంతో నిద్రపోలేదు.

ఇవాళ ఏరి ఏరి ఈ ఆరుగుర్నే ఎందుకు తెచ్చారు?

అడగబోతుంది. వాళ్ళు అప్పటికే బస్సుల మధ్య చీకట్లో కలిసిపోతారు.

వ్యాన్‌లో పెద్దసారు ఒళ్ళో చిన్న పెట్టె ఉంది. ఆయన దాని మీద ఏదో టైపు చేస్తున్నాడు. పక్కన సీటు మీద హెడ్‌ఫోన్లు. అందులోంచి సన్నగా ఎవరిదో మాట...

ఎవరిదో కాదు.

"చూడగానే కాల్చండి తమ్ముళ్ళూ. భయం లేదు. నేనున్నాను."

ఆమె గొంతు!

ఆమె నోరు మూసే ఉంది!

ఒక్క క్షణం ఏమీ అర్థం కాదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమవుతుంది. ఆ పెట్టె తన గొంతుతో ఆ ఆరుగురి చెవుల్లో మాట్లాడుతోంది.

"ఏంటండీ ఇది?"

పెద్దసారు తలెత్తడు. "నువ్వు చదివిన వాక్యాల్లోంచి మెషీన్ నేర్చుకుంది."

"నేనా మాట చదవలేదు!"

"అన్నీ చదవక్కర్లేదమ్మా. కొన్ని చదివితే చాలు. మిగతావి అదే చెప్పుకుంటుంది."

"మా తమ్ముడితో... వాడితో ఏం చెప్పించారు?"

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. "ఒక గోదాం. లోపల శత్రువులున్నారని కబురు. తప్పుడు కబురు. ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళు పడుకుని ఉన్నారు. యుద్ధంలో జరుగుతుంటాయి. వాడొక్కడే దాన్ని పట్టుకుని జడ్జి దగ్గరికి పోతానంటున్నాడు."

"గార్డులు?"

"గార్డులెవరూ చావలేదులే."

పడుకున్నవాళ్ళు. గోదాం. తన గొంతు.

ఇన్నాళ్ళూ అద్దాల గదిలో ఆ తల్లుల భుజం తట్టి, "మీ మాటే మీ అబ్బాయికి కవచమమ్మా" అని చెప్పిన మనిషి తనే. వాళ్ళలో ఎంతమంది గొంతులు ఇలా...? ఎంతమంది అమ్మలు తమకి తెలీకుండా...?

ఆలోచించదు. ఆలోచించే టైం లేదు.

పెట్టె లాగేసుకుంటుంది!

వైరు తెగుతుంది. పెద్దసారు కళ్ళద్దాలు ఎగిరిపడతాయి. ఆమె తలుపు తోసుకుని దూకేస్తుంది. చెప్పు జారుతుంది. రెండో చెప్పూ విదిలించేస్తుంది. పరుగు!

షెడ్డు పక్కన మురికినీళ్ళ గుంట. పైన నురగ. పెట్టెని దాంట్లోకి విసిరేస్తుంది. బుడుంగ్!

"కాల్చకండి!" అరుస్తుంది. "ఒరేయ్, ఎవరూ కాల్చకండి!"

బ్రష్షుల హోరు. తన కేక ఆ హోరులో బస్సుల దాకా చేరదు. ఆ ఆరుగురూ ఎక్కడో బస్సుల వెనక... వినలేదు!

వెనక పెద్దసారు కేక. "డ్రైవర్, గేటు దగ్గరే ఉండు! దీన్ని నేను చూస్తా!"

దీన్ని. ఇందాకటిదాకా అమ్మా అన్నాడు.

ఆమె షెడ్డులోకి దూరుతుంది. గోడకి ఎర్ర బటన్. అరచేత్తో గుద్దుతుంది.

బ్రష్షులు ఆగిపోతాయి. నీళ్ళ చుక్కలు మాత్రం టప్... టప్...

"బుడ్డోడా?"

నేలలో మెకానిక్కులు దిగే గుంట ఉంది. నడుం లోతు నీళ్ళు నిండి ఉన్నాయి. అందులోంచి రెండు కళ్ళు మెరుస్తాయి, పిల్లి కళ్ళలా.

"మాట్లాడకక్కా." వాడి గొంతు బొంగురుపోయింది. "దణ్ణం పెడతా. నువ్వు మాట్లాడకు."

ఆమె గుంట అంచున మోకాళ్ళ మీద కూలబడుతుంది. వాడి భుజం మీంచి రక్తం కారి నీళ్ళలో కలుస్తోంది. కాళ్ళ చుట్టూ నీళ్ళు ఆవిర్లు కక్కుతున్నాయి. చేతిలో పిస్తోలు. వాడు లేవబోతాడు.

"అయ్యో... లేవకురా, కూర్చో..."

దభీమని కూర్చుంటాడు! మెడదాకా మునిగిపోతాడు. మొహంలో ఏ భావమూ లేదు. రెండు క్షణాల తర్వాత భావం తిరిగొస్తుంది. ఏడుపు మొహం.

"చెప్పానా? మాట్లాడొద్దని చెప్పానా?"

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంటుంది. వేళ్ళ సందుల్లోంచే గుసగుసగా అంటుంది.

"అది నేను కాదురా. గోదాం దగ్గర... అది నేను కాదు. ఒట్టు. మెషీన్..."

"తెలుసు."

"తెలుసా?"

వాడు ఆమె కళ్ళలోకి చూడడు. నీళ్ళలోకి చూస్తాడు.

"మొదటిసారి తెలీదు. చెయ్యి దానంతటదే లేచింది. తలుపు దగ్గర ఒకాయన పడిపోయాడు. అప్పుడు మళ్ళీ వినిపించింది. 'కాల్చు తమ్ముడూ' అని. నువ్వు పుట్టి బుద్ధెరిగి నన్ను తమ్ముడూ అని పిలిచావా అక్కా? బుడ్డోడా అంటావు, గేదె అంటావు, కోపమొస్తే వెధవా అంటావు. అనుమానమొచ్చింది. నిజంగా వచ్చింది! చెయ్యి ఆగింది."

"మరి?"

"లోపల ఒకావిడ లాంతరు పట్టుకుని లేచి నిలబడింది. నన్ను చూసింది. మనిషిని చంపినవాణ్ణి చూసినట్టు చూసింది. ఆ చూపు నేను పడలేకపోయాను. చెయ్యి నేనే ఎత్తాను అక్కా. అక్కే చెప్పిందిలే అనుకున్నాను. అలా అనుకుంటే ఎంత హాయిగా ఉందో తెలుసా? తప్పంతా నీ మీద పడేసి... మొత్తం పూర్తి చేశాను."

ఆమె నోటి మీంచి చేతులు జారిపోతాయి.

"నా మీద అసహ్యం వేస్తోందా?" వాడు అడుగుతాడు.

వేస్తోంది. వాడి మీదా వేస్తోంది, తన మీదా వేస్తోంది. అయినా వీడు తన తమ్ముడు. అమ్మ పొట్టలో ఉన్నప్పుడే, అమ్మ తన చెయ్యి పట్టుకుని తాకించిన తమ్ముడు. తడి జుట్టు మీద చెయ్యి వేస్తుంది.

"జడ్జిగారి ఇల్లు కాలవ అవతలే. అక్కడికెళ్ళి ఇదంతా చెబుతా. చెయ్యి నేనే ఎత్తానన్నది కూడా చెబుతా. ఉరేస్తే వెయ్యనీ. చెప్పకుండా చస్తే మాత్రం..." వాడి మాట పూర్తి కాదు.

"నేనూ వస్తా. నా గొంతే సాక్ష్యం. ఇద్దరం చెబుదాం."

మొదటిసారి వాడి మొహంలో చిన్న నవ్వులాంటిది కనబడుతుంది.

అడుగుల చప్పుడు!

"ఇక్కడున్నావా!" పెద్దసారు షెడ్డులోకి వస్తాడు. కళ్ళద్దాలు లేవు. కళ్ళు చికిలించి చూస్తున్నాడు. గుంటలో ఏముందో ఆయనకి కనబడలేదు.

తమ్ముడు నీళ్ళలోంచి లేస్తాడు.

లేవడం ఆమెకి కనబడదు. నీళ్ళు చిమ్మడం మాత్రమే కనబడుతుంది. మరుక్షణం పెద్దసారు మెడ చుట్టూ వాడి చెయ్యి! కణతకి పిస్తోలు!

"కాలవ దాకా నడు," అంటాడు తమ్ముడు. "నిన్నేం చెయ్యను. నడు."

టక్. టక్. టక్. బూట్లు.

షెడ్డు ఈ చివర ముగ్గురు. ఆ చివర ముగ్గురు.

ఆరు తుపాకులు లేస్తాయి.

"ఆగండి!" పెద్దసారు అరుస్తాడు. "నేనున్నాను! కాల్చకండి! ఇది ఆర్డర్!"

ఎవరూ ఆగరు. చూడగానే కాల్చమంది అక్క. అక్క చెప్పాక ఆఫీసర్ ఎవడు? ఆరు మొహాలూ ప్రశాంతంగా ఉన్నాయి. మధ్యలో పెద్దసారున్నాడన్న సంగతి ఆ మొహాల్లో ఎక్కడా లేదు. గుండు ఆయన్ని చీల్చుకుని వెనకున్నవాడికి తగులుతుంది. అంతే లెక్క.

ఆయన కనిపెట్టినదే ఆయన ఎదురుగా నిలబడి ఆయన్నే చూస్తోంది.

"చెప్పమ్మా!" ఏడుస్తున్నాడు. "అమ్మా, ఆపమను! మీ తమ్ముడూ పోతాడు! చెప్పు!"

వేళ్ళు ట్రిగ్గర్ల మీద బిగుస్తున్నాయి...

ఆమె గుండె పగిలేలా అరుస్తుంది.

"గన్లు కింద పడెయ్యండి!"

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

సిమెంటు నేల మీద తుపాకులు పడతాయి. ఆరు.

తర్వాత ఇంకో చప్పుడు. చిన్నది.

ఏడు.

ఆమె తిరిగి చూస్తుంది.

తమ్ముడి చెయ్యి ఖాళీగా ఉంది. పిస్తోలు వాడి కాళ్ళ దగ్గర పడి ఉంది. వాడి మొహంలో ఏ భావమూ లేదు.

"లేదురా!" ఆమె నోరు తెరుస్తుంది. "నీకు కాదు! నీకు..."

పెద్దసారు మోచేత్తో వాడి డొక్కలో పొడుస్తాడు. విదిలించుకుంటాడు. ఆయన చెవి వెనక చిప్ లేదు. ఆయనకి ఎవరి గొంతూ ఆర్డర్ కాదు. నడుం దగ్గర్నుంచి తన తుపాకీ తీస్తాడు. తొందర కూడా పడడు.

ఢాం!

తమ్ముడి మొహంలోకి భావం తిరిగొస్తుంది. ఆలస్యంగా. అక్క వైపు చూస్తాడు, ఏదో చెప్పాలన్నట్టు. అలాగే వెనక్కి, గుంటలోకి పడిపోతాడు.

నీళ్ళు ఆమె మొహం మీద చిమ్ముతాయి.

ఆమె అరవదు. ఏడవదు. చేతులారా కాదు, నోరారా చంపుకుంది. వాణ్ణి గుండు చంపలేదు. అంతకుముందే తన మాట చంపేసింది. జడ్జి లేడు. సాక్ష్యం లేదు. కాలవ అవతల ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎవరూ వెళ్ళరు.

"అయిపోయింది," పెద్దసారు రొప్పుతాడు. తుపాకీ ఆమె వైపు తిప్పుతూ, మధ్యలో ఆగుతాడు.

ఆరుగురు పిల్లలూ అలాగే నిలబడి ఉన్నారు. ఆయన్ని చూడట్లేదు.

ఆమెని చూస్తున్నారు. తర్వాతి మాట కోసం.

పెద్దసారుకి అప్పుడు అర్థమవుతుంది. మొహం పాలిపోతుంది.

"మాట్లాడకు," అంటాడు. "నువ్వు మంచిదానివి. వీళ్ళు పసివాళ్ళు. వీళ్ళ చేత... నువ్వలాంటి పని చెయ్యవు. నాకు తెలుసు."

ఆయన చెప్పింది నిజమే. ఒక్క మాట చాలు, వీళ్ళూ తమ్ముడిలాగే అయిపోతారు. రేపు నీళ్ళ తొట్టెల్లో ముడుచుకుని కూర్చుంటారు. ఆమెకి తెలుసు. అన్నీ తెలుసు. నోరు మూసుకుంటే చాలు. పిల్లల్ని ఇళ్ళకి పొమ్మంటే చాలు.

ఎన్నో మాటలున్నాయి. ప్రాణం కాపాడే మాటలు, అద్దాల గదిలో చదివిన మాటలు, ఎన్నో ఉన్నాయి.

"తీసుకోండి," అంటుంది ఆమె.

ఆరుగురూ వంగుతారు. ఆరు తుపాకులు చేతుల్లోకి వస్తాయి.

"అమ్మా... అమ్మా!"

సిగ్గుతో చచ్చిపోతూనే, తెలిసి తెలిసి, మెషీన్ కంటే మెత్తగా అంటుంది.

"కాల్చండి తమ్ముళ్ళూ."

ఢాం! ఢాం! ఢాం! ఢాం! ఢాం! ఢాం!

షెడ్డంతా పొగ.

పొగలోంచి వాళ్ళలో అందరికంటే చిన్నవాడు రెండడుగులు ముందుకొస్తాడు. మొహంలో ఏ భావమూ లేదు. మర్యాదగా తల వంచుతాడు.

"సరిగ్గానే చేశామా అక్కా?"